వెనక గ్లాసు దిగదు సరే, తప్పు మోటారుదేనా?

1994 జూన్ 17 సాయంత్రం లాస్ ఏంజెలెస్ ఫ్రీవేల మీద ఒక తెల్ల ఫోర్డ్ బ్రాంకో తాపీగా పోతుంటే, దాని వెనకాల పోలీసు కార్లు బారులు తీరాయి. అమెరికాలో కోట్లమంది ఆ దృశ్యాన్ని టీవీల్లో చూశారు. వెనక సీట్లో హత్య కేసు నిందితుడైన మాజీ ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ ఉండటంతో ఆ బండి పేరు లోకమంతా మారుమోగింది. బ్రాంకో సొంతంగా ఉన్నవాళ్లను కదిపితే మాత్రం సింప్సన్ కంటే ముందు వెనక గ్లాసు గోల చెబుతారు.

1978 నుంచి 1996 దాకా వచ్చిన పెద్ద బ్రాంకోల్లో వెనక తలుపు పైకి లేవదు. కింది సగం ఇనప పలక. దాన్నే టెయిల్‌గేట్ అంటారు, అది కిందికి వాలుతుంది. పై సగం గ్లాసు. స్విచ్ నొక్కితే ఆ గ్లాసు టెయిల్‌గేట్ కడుపులోకి దిగిపోతుంది. అది పూర్తిగా దిగితేనే పలక తెరుచుకుంటుంది. 1973 నుంచి వచ్చిన షెవ్రొలే కె5 బ్లేజర్‌దీ, 1995 దాకా వచ్చిన టొయోటా ఫోర్‌రన్నర్‌దీ ఇదే పద్ధతి. 1996 నుంచి ఫోర్‌రన్నర్ వెనక తలుపు పైకి లేచే రకానికి మారింది. గ్లాసు దిగే ఏర్పాటును మాత్రం టొయోటా వదల్లేదు, ఇప్పటి కొత్త బండిలోనూ ఉంది.

మన ఊళ్లలో తిరిగే కార్లలో వెనక గ్లాసు తలుపుకి అతికించేసి ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి మనకు కొత్త. అమెరికా వెళ్లి చవగ్గా దొరికిందని పాత ఎస్‌యూవీ కొనుక్కున్న తెలుగు కుర్రాళ్లకు ఇలాంటిదొకటి ఉందని తెలిసేది, గ్లాసు మొరాయించి సామాన్లు లోపలే ఉండిపోయినప్పుడు. అప్పుడిక సలహాలకు కొదవుండదు. వాటిలో సగం డబ్బు దండగ, కొన్ని వేళ్లకు ముప్పు, ఒకటి ప్రాణానికే ముప్పు.

అపోహ: గ్లాసు కదలడం లేదంటే మోటారు పోయినట్టే.

వాస్తవం: మోటారు దాకా కరెంటు చేరాలంటే చాలా చోట్లు దాటాలి. ఫ్యూజు, డ్యాష్‌బోర్డు మీది స్విచ్, బండి పొడవునా సాగే వైర్లు, టెయిల్‌గేట్ తాళం దగ్గర ఇంకో స్విచ్, గొళ్లెం దగ్గర సేఫ్టీ స్విచ్, ఇవన్నీ అయ్యాక మోటారు. ఇన్నింటిలో ఏది తెగినా కనిపించే లక్షణం ఒకటే: గ్లాసు కదలదు. అందరికంటే చివర్న ఉన్న పాపానికి నింద మోటారు మీద పడుతోంది. పాత బండ్ల మోటార్లు నిజానికి గట్టివి. అవి చేసే పనల్లా ఎప్పుడో ఒకసారి కాసేపు తిరగడమే.

పానా పట్టుకునే ముందు చెవులకు పని చెప్పండి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఒకరు స్విచ్ నొక్కుతుంటే ఇంకొకరు వెనక పలకకు చెవి ఆనించాలి. ఏ చప్పుడూ లేకపోతే ముందు అనుమానించాల్సింది కరెంటు దారిని. స్విచ్ నొక్కినప్పుడల్లా లోపలి లైటు కాస్త మందగిస్తోందంటే కరెంటు వెళుతోంది, మోటారైనా బిగుసుకుని ఉండాలి, గ్లాసైనా ఇరుక్కుని ఉండాలి. డ్యాష్‌బోర్డు స్విచ్‌కి పలకని గ్లాసు, వెనక తాళంలో చెవి తిప్పితే దిగుతోందా? అయితే మోటారు నిక్షేపంలా ఉంది. దాని జోలికి పోకండి.

మోటారు రయ్యిమని తిరుగుతోంది, గ్లాసు మాత్రం చలించడం లేదు. ఈ కేసు ఇంకో రకం. కె5 బ్లేజర్‌లో మోటారుకూ గ్లాసును ఎత్తే రెగ్యులేటర్‌కూ మధ్య వంగే కేబుల్ ఒకటి ఉంటుంది. దాని కొస అరిగితే మోటారు ఎంత తిరిగినా ఫలితం ఉండదు. ఆ కాలపు ఫోర్డ్ విండో మోటార్లలో పళ్లచక్రం లోపల మూడు ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి, ఏళ్లు గడిచేసరికి అవి పొడిపొడి అయిపోతాయి. ఆ బిళ్లలు విడిగా దొరుకుతాయి, మోటారుతో పోలిస్తే వాటి ఖర్చు ఒక లెక్కలోది కాదు. కొందరు ఘనులు బలంగా ఉంటాయని వాటి స్థానంలో ఇనప నట్లు దూరుస్తారు. బిళ్లలు పెట్టిందే కుదుపును అవి మింగడానికి. ఇనుము పెడితే గ్లాసు పైకంటా వెళ్లి ఆగిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా చక్రం పళ్లకు తగులుతుంది.

1996 తర్వాతి ఫోర్‌రన్నర్ వాళ్లకు ఒక చిన్న చిట్కా: వెనక వైపర్ తన చోట పూర్తిగా ఒదిగి ఉందో లేదో చూసుకోండి. వైపర్ దారికడ్డంగా ఆగిపోతే గ్లాసు దిగకుండా అందులో కట్టడి ఉంది. మెకానిక్ దగ్గరికి వెళ్లనక్కర్లేని కేసు ఇదొక్కటే కావచ్చు.

అపోహ: మీటరు పెడితే 12 వోల్టులు చూపించింది, కాబట్టి వైరింగ్ బాగానే ఉంది.

వాస్తవం: మంచి మోటార్లు చెత్తబుట్టలో పడేది ఎక్కువగా ఈ నమ్మకం వల్లే. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌ల దాకా ఉంటుంది, అంటే అది వైరు నుంచి లాగే కరెంటు దాదాపు సున్నా. ముప్పై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 అనే చూపిస్తుంది. మోటారు సంగతి అలా కాదు. బరువెత్తేటప్పుడు అది పది ఆంపియర్లు లాగడం మామూలే. తుప్పు పట్టిన కనెక్టర్‌లో అర ఓమ్ నిరోధం ఉందనుకోండి. పది ఆంపియర్లు పారితే 5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మోటారుకు మిగిలేది ఏడు. దాంతో అది మూలుగుతుంది తప్ప గ్లాసును లాగలేదు.

అందుకే మీటరు కంటే పాత హెడ్‌లైటు బల్బు నమ్మకమైన సాక్షి. మోటారు కనెక్టర్ ఊడదీసి, దాని రెండు వైర్ల మధ్య 55 వాట్ల బల్బు కలిపి స్విచ్ నొక్కండి. నాలుగైదు ఆంపియర్లు లాగే బల్బు తెల్లగా వెలిగితే వైరింగ్ దాదాపుగా నిర్దోషి. ఎర్రగా మినుకుమంటే దొంగ దారిలోనే ఎక్కడో ఉన్నాడు. స్విచ్ రెండో వైపు నొక్కినా బల్బు అంతే వెలగాలి. ఎందుకంటే ఈ మోటారుకు వైర్లు రెండే, వాటిలో ప్లస్సు మైనస్సు తారుమారైతేనే గ్లాసు పైకీ కిందికీ పోతుంది. ఒక వైపు వెలిగి రెండో వైపు వెలగకపోతే మొదట అనుమానించాల్సింది స్విచ్‌నే.

దారిలో ముందుగా వెతకాల్సిన చోటు, వైర్లు బాడీ నుంచి టెయిల్‌గేట్‌లోకి దాటే మలుపు. తలుపు తెరిచి మూసినప్పుడల్లా అక్కడి వైర్లు వంగుతాయి. ఇరవై ముప్పై ఏళ్లు వంగీ వంగీ లోపలి రాగి తెగిపోతుంది, పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. రబ్బరు గొట్టం వెనక్కి లాగి ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూడండి. తెగిన వైరు చేతికి సాగుతుంది. ఫోర్‌రన్నర్‌లో నంబర్ ప్లేటు లైటు, వెనక వైపర్, గ్లాసు కలిసికట్టుగా మొరాయిస్తుంటే ఈ మలుపు దగ్గరే చూడాలి. అతుకు మాత్రం వంగే చోట వేయకండి. సన్నపోగుల మెత్తటి వైరు కొత్త ముక్క తీసుకుని, మలుపుకు అటూ ఇటూ వంపు లేని చోట కలపండి.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే ఏదైనా జారుతుంది.

వాస్తవం: 1953లో నీటిని తరిమి, లోహానికి తుప్పు పట్టకుండా చూడటానికి తయారైన ద్రవం అది. బిగిసిన బోల్టు విప్పడానికి మంచిదే. గ్లాసు జారే చానల్లో కొడితే ఆ రోజుకు జారుతుంది. పల్చటి భాగం ఆవిరై, మిగిలిన జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. వెనక చక్రాలు లేపే దుమ్మంతా చేరేది అక్కడికే కదా. చానల్లోని రబ్బరుకీ వెల్వెట్ పట్టీకీ సిలికాన్ స్ప్రే వాడాలి, అదీ తడిగుడ్డతో మట్టి తుడిచాక. రెగ్యులేటర్ పళ్లకూ ఇనప పట్టాలకూ తెల్ల లిథియం గ్రీజు. ఈ రెండింటినీ అటూ ఇటూ చేయకూడదు.

గ్లాసు కొంత దిగి ఆగిపోయి, ఐదు పది నిమిషాలయ్యాక మళ్లీ కదులుతోందంటే చానళ్ల బిగుతే కారణం కావచ్చు. బిగుతుతో పెనుగులాడి మోటారు వేడెక్కుతుంది, వేడికి పనిచేసే బ్రేకర్ కరెంటు కట్ చేస్తుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. అక్కడ కొత్త మోటారు బిగించినా వచ్చే ఎండాకాలానికి అదే కథ.

అపోహ: గట్టిగా గుద్దితే పనిచేసింది, ఇక బాగైనట్టే.

వాస్తవం: సగం నిజం. మోటారు లోపలి కార్బన్లు అరిగితే, దెబ్బకు కాస్త జరిగి మళ్లీ కరెంటు అందుకుంటాయి. గుద్దుకు పలికిందంటే ఈసారి తప్పు నిజంగా మోటారుదే అని తెలిసింది. అంతవరకే దాని ఉపయోగం. గుద్దేది పలక మీద గుద్దండి, గ్లాసు మీద వద్దు. టెంపర్డ్ గ్లాసు ముఖం మీద దెబ్బకు తట్టుకుంటుందేమో కానీ అంచుకు తగిలిన చిన్న దెబ్బకు మొత్తం ముక్కలవుతుంది. సగం దిగిన గ్లాసు అంచు మీ వైపే ఉంటుంది.

అపోహ: గ్లాసు పైనే ఇరుక్కుపోతే పలకను మీటి తెరవాల్సిందే.

వాస్తవం: గ్లాసు పైనున్నప్పుడు పలక తెరుచుకోకపోవడం చెడిపోవడం కాదు, అది అలా చేసిందే. గ్లాసు పైఅంచు టాపు రబ్బరులో దూరి ఉంటుంది. ఆ స్థితిలో పలక వాలితే గ్లాసు ముక్కలే. బలవంతంగా మీటితే జరిగేదీ అదే. వెనక సీటు మడిచి, సామాన్లు పెట్టే చోటికి పాక్కుంటూ వెళ్లాలి. టెయిల్‌గేట్ లోపలి వైపు స్క్రూలతో బిగించిన పలుచని ప్యానెల్ ఉంటుంది. దాన్ని విప్పితే మోటారు కనెక్టర్ చేతికి అందుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతో మోటారుకు నేరుగా కరెంటు ఇస్తే గ్లాసు దిగుతుంది, పైకి వెళితే వైర్లు మార్చి పెట్టండి. నడుం కాస్త పట్టేస్తుంది కానీ ఏదీ విరగదు.

అపోహ: నాలుగు బోల్టులు విప్పితే మోటారు చేతికొస్తుంది.

వాస్తవం: వస్తుంది, దాంతోపాటు రెగ్యులేటర్ చేయి కూడా విసురుగా వస్తుంది. గ్లాసు బరువు మోటారు మీద పడకుండా కత్తెర రకం రెగ్యులేటర్లలో చుట్టల స్ప్రింగు ఉంటుంది. కిరాణా కొట్టు షట్టర్ ఒక్క చేత్తో లేచేలా చేసే స్ప్రింగుది ఏ పనో దీనిదీ అదే. ఆ బలాన్ని పట్టి ఉంచేది మోటారు పళ్లే. మోటారు విప్పిన క్షణంలో రెగ్యులేటర్ చేతులు కత్తెరలా మూసుకుంటాయి, మధ్యలో వేలుంటే దాని గతి చెప్పనక్కర్లేదు. ముందు గ్లాసు కదలకుండా ఆపు పెట్టి, రెగ్యులేటర్ చేతిని బోల్టుతోనో సి-క్లాంపుతోనో పలకకు బిగించి, అప్పుడే మోటారు మీద పానా వేయాలి. సర్వీస్ మాన్యువల్ చదవాల్సిన చోటు ఇదే.

అపోహ: సేఫ్టీ స్విచ్ వైర్లు కలిపేస్తే పీడా పోతుంది.

వాస్తవం: కారణం ఆ స్విచ్చేనా అని తేల్చుకోడానికి కాసేపు కలపడం వేరు, అలాగే టేపు చుట్టి వదిలేయడం వేరు. పలక కిందికి వాలి ఉన్నప్పుడు ఏ పిల్లవాడో స్విచ్ నొక్కితే, ఆసరా లేని గ్లాసు బయటికి పొడుచుకొస్తుంది. చెయ్యి అడ్డం వస్తే ఆగి వెనక్కి తగ్గే తెలివి ఈ పాత మోటార్లకు లేదు.

అపోహ: గ్లాసు అంచు నుంచి లోపలికి నీళ్లు పోకుండా సీలెంట్ కొట్టేయాలి.

వాస్తవం: నీళ్లు పోతాయి, పోయిన నీళ్లు బయటికి రావడానికే పలక అడుగున కన్నాలున్నాయి. అవి మట్టితో పూడితే నీళ్లు లోపల నిలిచి పలక లోపలి నుంచి తుప్పు పడుతుంది. సీలెంట్ ట్యూబు పక్కన పెట్టి, ఒక పుల్లతో ఆ కన్నాలు పొడవండి.

అపోహ: గ్లాసు కింద ఇరుక్కుంటే వానొచ్చేదాకా నష్టం లేదు, గాలి ఆడుతుంది.

వాస్తవం: పై తప్పులతో డబ్బో వేలో పోతుంది. దీనితో మనుషులే పోవచ్చు. పెట్టెలాంటి బండి ముందుకు దూసుకుపోతుంటే దాని వెనకాల గాలి ఒత్తిడి తగ్గి సుడులు తిరుగుతుంది. పొగగొట్టం తెరుచుకునేదీ ఆ చుట్టుపక్కలే. ఆ సుడుల్లోని పొగ తెరిచిన వెనక గ్లాసులోంచి లోపలికి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, మగత, వికారం. దూరప్రయాణం బడలిక అనుకుని పొరబడతారు. వెనక సీట్లో పడుకున్న పిల్లలు నిద్రపోతున్నారనే అనుకుంటారు. పాత బండి పొగగొట్టంలో తుప్పు చిల్లులుంటే, క్యాటలిటిక్ కన్వర్టర్ అలిసిపోయి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. నడిచేటప్పుడు వెనక గ్లాసు మూసి ఉంచమని ఇలాంటి బండ్ల ఓనర్ మాన్యువల్స్‌లో హెచ్చరిక ఉంటుంది. ఆ పేజీ ఎవరూ తిప్పరు.

తప్పనిసరై మెకానిక్ దాకా అలాగే నడపాల్సి వస్తే ముందు కిటికీలు దించండి, బయటి గాలి తీసుకునేలా పెట్టి ఫ్యాన్ గట్టిగా తిప్పండి, వెనక సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకండి. ప్లాస్టిక్ షీటు అతికిస్తే వాన ఆగుతుంది, పొగ పూర్తిగా ఆగదు. ఇంటి దగ్గరే లోపలి ప్యానెల్ విప్పి, మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చి గ్లాసు పైకి ఎక్కించి, ఆ తర్వాత మోటారు కనెక్టర్ ఊడదీసి ఉంచడం అన్నిటికంటే మేలు. మిగతా రిపేరు తీరిక దొరికిన ఆదివారం చూసుకోవచ్చు.

అపోహ: రిపేరయ్యాక ఎంత తక్కువ వాడితే అన్నాళ్లు మన్నుతుంది.

వాస్తవం: కదలని గ్లాసుకు రబ్బరు అతుక్కుంటుంది, స్విచ్ కాంటాక్టులకు మకిలి పడుతుంది. నెలకోసారైనా పూర్తిగా దించి ఎత్తండి, ఇంజిన్ నడుస్తుండగా అయితే బ్యాటరీకి అండగా ఆల్టర్నేటర్ కూడా ఉంటుంది. బయట గడ్డకట్టే చలి ఉండి గ్లాసు అంచున మంచు పట్టిన రోజున మాత్రం స్విచ్ జోలికి పోకండి.