ఆంధ్ర ప్రదేశ్‌లో చవక విస్కీ

చవక విస్కీ అనే మాటకు ఆంధ్ర ప్రదేశ్‌లో రెండు అర్థాలున్నాయి. మొదటిది, తక్కువ ధరకు దొరికే ఏదైనా విస్కీ. రెండవది, పెట్టిన డబ్బుకు తగిన నాణ్యత గల విస్కీ. ఈ రెండూ ఒకటి కావు. మద్యం ధరలో అధిక భాగం పన్నుల రూపంలో ప్రభుత్వానికి చేరుతుంది కాబట్టి ధరను చూసి సీసాలోని సరుకును అంచనా వేయడం ఇక్కడ కష్టం. సీసాలో ఏమున్నదో కొంతవరకు తెలిపేది దానిపై అంటించిన లేబులు. రాష్ట్రంలో చవక మద్యం చరిత్ర సారాయి, మద్య నిషేధం, ప్రభుత్వ దుకాణాల మీదుగా 2024లో వచ్చిన 99 రూపాయల క్వార్టరు వరకు సాగింది. అనంతపురం జిల్లా రాప్తాడు వంటి కరవు ప్రాంతాలలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్నచోట, ఈ చరిత్ర ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

విస్కీ అంటే ఏమిటి

ధాన్యాన్ని పులియబెట్టి, ఆ ద్రవాన్ని బట్టీ పట్టి, వచ్చిన సారాన్ని కర్ర పీపాలలో కొన్ని సంవత్సరాలు నిలవ ఉంచితే విస్కీ తయారవుతుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం విస్కీని ధాన్యం నుండి మాత్రమే తీయాలి, కనీసం మూడేళ్ళు పీపాలలో ఉంచాలి. స్కాట్లండులో తయారయ్యే స్కాచ్ విస్కీకి కూడా ఓక్ పీపాలలో మూడేళ్ళ గడువు తప్పనిసరి.

భారతదేశంలో చవకగా అమ్ముడయ్యే విస్కీలలో చాలావాటి తయారీ వేరు. చక్కెర మిల్లులలో మిగిలిపోయే మొలాసిస్ (చెరకు మడ్డి) నుండి గాని, నూకలు, మొక్కజొన్న వంటి ధాన్యాల నుండి గాని దాదాపు 96 శాతం బలం గల సారాన్ని తీస్తారు. దీనిని ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, క్లుప్తంగా ఇ.ఎన్.ఏ. అంటారు. దీనికి రంగు గాని, చెప్పుకోదగిన రుచి గాని ఉండదు. దీనిలో నీళ్ళు కలిపి బలం తగ్గించి, కొంత మాల్టు సారాన్నో దిగుమతి చేసుకున్న స్కాచ్‌నో చేర్చి, మాడ్చిన చక్కెర (కారమెల్) రంగు, కొన్నిటిలో రుచి కారకాలు కలిపి సీసాలకు ఎక్కిస్తారు. మొలాసిస్‌తో చేసిన సరుకును యూరోపులో విస్కీ అనే పేరుతో అమ్మడానికి వీలులేదు. సాంకేతికంగా అది రమ్ముకు దగ్గరి చుట్టం.

ఇటువంటి మద్యాలన్నిటినీ కలిపి ఐ.ఎం.ఎఫ్.ఎల్. అని వ్యవహరిస్తారు. "భారతదేశంలో తయారైన విదేశీ మద్యం" అని దాని అర్థం. విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్ను, వోడ్కా దీని కిందికి వస్తాయి. వీటి బలం సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. ఈ వింత అంకె బ్రిటిషు కాలపు ప్రూఫ్ కొలత నుండి వచ్చింది. ఆ కొలతలో 75 డిగ్రీల ప్రూఫ్ అంటే నేటి లెక్కలో 42.8 శాతం.

బర్బన్

బర్బన్ అమెరికా విస్కీ. దీనికి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలివైపు కాల్చి నల్లబరచిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ చేయాలి. బర్బన్‌ను అమెరికాకే ప్రత్యేకమైన ఉత్పత్తిగా ఆ దేశపు కాంగ్రెసు 1964లో తీర్మానించింది.

మొక్కజొన్న తెలుగు రాష్ట్రాలలోనూ విరివిగా పండుతుంది, దాని నుండి ఇ.ఎన్.ఏ. కూడా తీస్తారు. అయినా అది బర్బన్ కాదు. అమెరికాలో తయారు కాకపోవడం అందుకు ఒక్కటే కారణం కాదు. బర్బన్‌ను బట్టీ పట్టేటప్పుడు సారం బలం 80 శాతానికి మించరాదు. ఆ మాత్రం బలం దగ్గర ఆపితే ధాన్యపు రుచి కొంత సారంలో మిగులుతుంది. 96 శాతం దాకా శుద్ధి చేస్తే ఆ రుచి దాదాపుగా పోతుంది. అప్పుడు మొక్కజొన్నదైనా, నూకలదైనా, మడ్డిదైనా సారం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది.

తక్కువ ఖర్చుతో మంచి బర్బన్ కావాలనుకునే వారికి అమెరికా చట్టమే కొంత సాయం చేసింది. లేబులుపై "స్ట్రెయిట్" అని ఉంటే కనీసం రెండేళ్ళు పీపాలో ఉన్నట్లు లెక్క. నాలుగేళ్ళకంటే తక్కువ వయసుదైతే ఆ వయసును తప్పక ముద్రించాలి. "బాటిల్డ్ ఇన్ బాండ్" అని ఉంటే అది 1897 నాటి చట్టం కిందికి వస్తుంది. ఒకే బట్టీలో, ఒకే రుతువులో తీసి, నాలుగేళ్ళు నిలవచేసి, 50 శాతం బలంతో నింపినదై ఉండాలి. రంగు పొడులు, కల్తీ సారం కలిపి విస్కీ పేరిట అమ్మే వ్యాపారులను అరికట్టడానికే నాడు ఆ చట్టం చేశారు. అమెరికాలోని తెలుగువారికి తక్కువ ధరలోనే ఇటువంటి సీసాలు దొరుకుతాయి. రాప్తాడులో ఉన్నవారికి బర్బన్ సాధారణంగా విదేశాల నుండి వచ్చే బంధువుల పెట్టెలో రావలసిందే. విమాన ప్రయాణికులు ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

ధరలో ఏమున్నది

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం మద్యం రాష్ట్రాల జాబితాలోని విషయం. తాగే మద్యం జి.ఎస్.టి. పరిధిలో లేదు. ఎక్సైజు సుంకం, వ్యాట్, ఇతర రుసుములను ప్రతి రాష్ట్రం తన ఇష్టప్రకారం నిర్ణయిస్తుంది. అందువలన ఒకే కంపెనీ, ఒకే పేరు గల సీసాకు అనంతపురంలో ఒక ధర, బళ్ళారిలో ఒక ధర, హైదరాబాదులో మరొక ధర ఉంటాయి. సీసాలోని సరుకు మారకుండానే ధర మారుతుంది కాబట్టి "ఎక్కువ ధర పెడితే మంచి సరుకు" అనే నమ్మకానికి ఇక్కడ ఆధారం తక్కువ.

విదేశీ మద్యంపై కేంద్రం విధించే దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. 2025 ఫిబ్రవరిలో బర్బన్‌పై దీనిని 100 శాతానికి తగ్గించారు. 2025 జూలై 24న సంతకాలు జరిగిన భారత-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం స్కాచ్‌పై సుంకాన్ని, ఒప్పందం అమలైనప్పుడు 75 శాతానికి, ఆ తరువాత పదేళ్ళలో 40 శాతానికి తగ్గించేందుకు వీలు కల్పించింది. కొన్ని స్కాచ్‌లను పీపాలలో తెచ్చి ఇక్కడే సీసాలకు నింపుతారు. సీసా, ప్యాకింగు, రవాణా ఖర్చులు విలువలో కలవవు కనుక వాటిపై పడే సుంకం మొత్తం తక్కువ. లోపలి సరుకు స్కాచే. మధ్యతరగతి కొనుగోలుదారుకు ఇది చెప్పుకోదగిన వెసులుబాటు.

చరిత్ర

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్య నిషేధాన్ని మొదలుపెట్టింది. 1948 నాటికి అది రాయలసీమతో సహా రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత 1968లో కొత్త ఎక్సైజు చట్టం వచ్చింది. ఆ పిమ్మట పల్లెలలో కూలివాని మద్యం విస్కీ కాదు, సారాయి. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం "వారుణి వాహిని" పేరిట ప్యాకెట్లలో సారాయిని ఊరూరికీ చేర్చింది. టోకు వ్యాపారం కోసం ఆంధ్ర ప్రదేశ్ బెవరేజెస్ కార్పొరేషను 1986లో ఏర్పడింది.

సారాయి అంగడి ఊళ్ళోకి వచ్చాక కూలి డబ్బు ఇంటికి చేరకముందే ఖర్చయ్యేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యా తరగతులలో సారాయిపై పాఠం చదువుకున్న మహిళలు 1992లో అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ ఆ ఉద్యమానికి ముఖ్యురాలిగా పేరుపొందింది. ఉద్యమం అన్ని జిల్లాలకూ పాకడంతో 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాయిని నిషేధించారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం మొదలైంది. పొరుగు రాష్ట్రాల నుండి దొంగ రవాణా, ఖజానాకు తగ్గిన ఆదాయం కారణాలుగా చూపి 1997లో దానిని ఎత్తివేశారు. సారాయి మాత్రం తిరిగి రాలేదు. ఆ స్థానాన్ని ఆక్రమించినవి మొలాసిస్‌తో చేసిన చవక విస్కీ, బ్రాందీలే. అంటే నేడు "చీప్ లిక్కర్" అని పిలిచే సరుకు వాడకానికి ఒక ముఖ్య కారణం సారాయి నిషేధమే.

2019 అక్టోబరు 1 నుండి చిల్లర దుకాణాలను కూడా ప్రభుత్వమే నడిపింది. మద్యం వాడకం తగ్గించడం అందులో ప్రకటిత లక్ష్యం. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించినప్పుడు ధరలను రెండు విడతలుగా 75 శాతం పెంచారు. జనానికి అలవాటైన పేర్లు చాలావరకు దుకాణాలలో కనబడక, వినని పేర్లు వచ్చాయి. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్న అంచనాకు ఇంకొక పార్శ్వం ఉంది. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు చేతులు శుభ్రపరచుకునే శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించారు.

2024లో ప్రభుత్వం మారింది. కొత్త విధానం కింద 3,396 దుకాణాలను లాటరీ ద్వారా ప్రైవేటు వ్యక్తులకు కేటాయించగా, అవి 2024 అక్టోబరు 16న తెరచుకున్నాయి. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా 99 రూపాయలకు అందించడం ఈ విధానంలో అందరి దృష్టినీ ఆకర్షించిన అంశం.

రాప్తాడు ప్రాంతం

రాప్తాడు అనంతపురం నగరానికి దక్షిణాన, బెంగుళూరు వెళ్ళే 44వ జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ప్రధానమైన పంట, వాన తప్పితే పంట తప్పుతుంది. అటువంటి ఏళ్ళలో బెంగుళూరు కట్టడపు పనులకు వలస, లేదా ఉపాధి హామీ పని దిక్కు. 2025–26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ. 307. ఒక 99 రూపాయల క్వార్టరు దానిలో దాదాపు మూడో వంతు. రోజూ తాగేవానికి నెలకు 2,970 రూపాయలవుతుంది. ఇది దాదాపు పది రోజుల కూలి. "చవక" అనే మాటను ఈ లెక్కతో కలిపి చదవాలి.

గ్రామాలలో లైసెన్సు దుకాణం లేనిచోట బెల్టు షాపులు నడుస్తుంటాయి. ఇవి చట్టవిరుద్ధం. లైసెన్సు దుకాణంలో కొన్న సీసాలను ముద్రిత ధరపై అదనం వేసి అమ్ముతారు. అందుచేత తక్కువ ధర సీసా నిజంగా ఆ ధరకు దొరికేది పట్టణానికి వెళ్ళగలిగినవారికే.

ఇక్కడికి కర్ణాటక దగ్గర. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర గ్రామాలే. కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర, హిందూపురం ప్రాంతాలన్నీ సరిహద్దును ఆనుకొని ఉన్నాయి. ఆంధ్రలో ధరలు బాగా పెరిగిన కాలంలో కర్ణాటకలో అమ్మే చిన్న టెట్రా ప్యాకెట్లు ఈ దారులలో విరివిగా రావడం, పోలీసులు పట్టుకోవడం మామూలయింది. ఆ ప్యాకెట్లలోని సరుకు మెరుగైనదేమీ కాదు. అదే ఇ.ఎన్.ఏ., వేరే పన్ను.

అదే కర్ణాటకలో మరొక కథ కూడా ఉంది. బెంగుళూరులోని అమృత్ డిస్టిలరీస్ (స్థాపన 1948) మాల్టు చేసిన బార్లీతో తయారుచేసిన సింగిల్ మాల్టును 2004లో స్కాట్లండులోని గ్లాస్గోలో విడుదల చేసింది. దక్కను పీఠభూమి వేడిలో పీపాల నుండి సంవత్సరానికి పది శాతానికి పైగా ఆవిరైపోతుంది. స్కాట్లండులో ఈ నష్టం సుమారు రెండు శాతమే. వేడి వలన సారం త్వరగా పక్వానికి వస్తుంది, అదే వేడి వలన సరుకు తరిగి ధర పెరుగుతుంది. ఈ ప్రాంతపు వాతావరణంలో పీపాలో పండిన విస్కీ చవకగా రాకపోవడానికి పన్నుతో పాటు ఇదీ ఒక కారణం.

లేబులు చదవడం

సీసాపై బొమ్మ, బంగారు అక్షరాలు, "ప్రీమియం", "రిజర్వ్", "డీలక్స్" వంటి మాటలు సరుకు గురించి దాదాపు ఏమీ చెప్పవు. చూడవలసినది వెనుక వైపు చిన్న అక్షరాలలో ఉండే పదార్థాల వివరం. ఇ.ఎన్.ఏ., నీరు, కారమెల్ రంగు, అదనపు రుచి కారకాలు మాత్రమే ఉంటే అది రంగు వేసిన సారమే. గ్రెయిన్ స్పిరిట్, మాల్టు స్పిరిట్, స్కాచ్ అని ఉంటే ఒక మెట్టు మేలు. 1995లో వచ్చిన రాయల్ స్టాగ్ ఈ రకానికి తెలిసిన ఉదాహరణ, ధాన్యపు సారంలో స్కాచ్ మాల్టులు కలిపి తయారుచేస్తారు. "సింగిల్ మాల్టు" అంటే ఒకే డిస్టిలరీలో మాల్టు చేసిన బార్లీతో మాత్రమే చేసినది. స్కాచ్ సీసాపై వయసు ఉంటే, అందులో కలిసిన అన్నిటికంటే చిన్న సారం వయసు అది.

రంగును నమ్మరాదు. ముదురు రంగు పీపా నుండి వచ్చిందో, కారమెల్ నుండి వచ్చిందో కంటితో తెలియదు.

సీసాల ధరలను పోల్చేటప్పుడు పరిమాణాన్ని కూడా చూడాలి. ఫుల్ 750, హాఫ్ 375, క్వార్టరు 180 మిల్లీలీటర్లు. 99 రూపాయల క్వార్టరులో 60 మిల్లీలీటర్ల పెగ్గు 33 రూపాయలు పడుతుంది. క్వార్టరులో ఉన్న శుద్ధమైన ఆల్కహాలు సుమారు 77 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 61 గ్రాములు. నాణ్యమైన విస్కీలోనూ ఈ ఆల్కహాలు ఇంతే. పీపా వయసు రుచిని మారుస్తుంది గాని కాలేయానికి జరిగే హానిని తగ్గించదు. ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

నకిలీ, నాటు మద్యం

చవక విస్కీకంటే చవకైనది నాటుసారా. బెల్లం ఊటతో, తుమ్మచెక్క వేసి రహస్యంగా కాస్తారు. దీనిలోను, నకిలీ మద్యంలోను ప్రాణాంతకమైన ప్రమాదం మిథనాల్. పారిశ్రామిక స్పిరిటు కలిపినప్పుడు ఇది చేరుతుంది. కొద్ది మోతాదులోనే చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు. నిప్పు అంటించి మంట రంగు చూడడం, వాసన చూడడం వంటి ఊరి పరీక్షలతో మిథనాల్‌ను కనిపెట్టలేము, ప్రయోగశాల పరీక్ష అవసరం. తాగిన కొన్ని గంటలకు చూపు మసకబారినా, వాంతులు, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మత్తు దిగితే తగ్గుతుందని ఎదురుచూడడం వల్ల చాలామంది చనిపోతుంటారు.

2025 అక్టోబరులో మదనపల్లె ప్రాంతంలోని ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ కేంద్రం బయటపడింది. ఆ నెలలోనే సీసా మూతపై ఉన్న క్యూ.ఆర్. గుర్తును సెల్‌ఫోనుతో పరిశీలించి అసలుదో కాదో తెలుసుకునే "సురక్ష" యాప్‌ను ప్రభుత్వం తెచ్చింది. మూత తీసి గ్లాసులో పోసి అమ్మే బెల్టు షాపులో ఆ గుర్తు కొనేవాని కంటపడదు.