బొమ్మలేసే పిల్లాడికీ ఓ చదువుంది!

పలక చేతికిస్తే ఓనమాలకు బదులు కోడినో, ఎద్దునో గీసే పిల్లలు ప్రతి ఊళ్లో ఒకరిద్దరుంటారు. సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో బొమ్మ గీస్తే వీపు మీద దెబ్బలూ మామూలే. ‘బొమ్మలు కూడు పెడతాయా?’ అంటారు పెద్దలు. న్యాయమైన ప్రశ్నే. కానీ బొమ్మలకూ నాలుగేళ్ల డిగ్రీ ఉందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

మన పల్లెల నుంచే...

కె.లక్ష్మాగౌడ్‌ది అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్. తోట వైకుంఠంది అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి. ఇద్దరూ హైదరాబాదు ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో చదివారు. ఆపైన బరోడా వెళ్లి కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర మెళకువలు నేర్చుకున్నారు. ఊరు వదిలినా బొమ్మల్లో ఊరిని వదల్లేదు. లక్ష్మాగౌడ్ గీతల్లో మేకలు, చెట్లు, పల్లె జనం కనిపిస్తారు. వైకుంఠం బొమ్మల్లో నుదుట పెద్ద బొట్టుతో, రంగురంగుల చీరలతో తెలంగాణ ఆడవాళ్లు నిలబడతారు. చిన్నప్పుడు ఊళ్లో నాటకాల వాళ్లు కట్టిన ఆడవేషాలు ఆయన మనసులో ముద్ర వేశాయి. ‘దాసి’ సినిమా కళా దర్శకత్వానికి ఆయనకు జాతీయ అవార్డు దక్కింది. లక్ష్మాగౌడ్ 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

గీత ఒక్కటే కాదు

ఈ చదువులో మొదట పెన్సిలు పట్టాలి. కుండ, చెట్టు, మనిషి... చూసింది చూసినట్టు గీయాలి. తరవాత రంగులు. దాంతోపాటే కళాచరిత్ర. అజంతా గుహల్లో రాతి గోడకు ఊక కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం పూసి బొమ్మలు వేశారని అందులో చెబుతారు. మట్టి గోడ మెత్తిన మన ఆడవాళ్లకు ఈ పని కొత్తేం కాదు. చేర్యాల నకాశీ వాళ్లు గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి కులపురాణాలు చిత్రించడమూ ఆ చరిత్రలోదే. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలూ అంతే. ఊళ్లో కళ్లెదుట ఉన్నదానికి విలువ ఎంతో పిల్లాడికి అక్కడ తెలిసివస్తుంది.

చేరేదెలా?

1940లో పుట్టిన హైదరాబాదు కళాశాల 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇంటర్ తరవాత ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బొమ్మ గీసి చూపించాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ లలితకళల విభాగం ఉంది. పై చదువుకు హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఉంది.

మరి కూడు మాట?

పట్టా చేతికొచ్చిన మర్నాడే కొలువు దొరుకుతుందన్న పూచీ లేదు. బొమ్మలు అమ్ముకుని బతికేవారు కొందరే. కాగితం, రంగులు, కాన్వాసు ఖర్చు ఫీజుకు అదనం. అయితే డ్రాయింగు టీచరు పని, పత్రికలు, ప్రకటనలు, సినిమా సెట్లు, యానిమేషన్, బట్టల డిజైన్లు వంటి దారులున్నాయి. అన్నీ లెక్క వేసుకునే దిగాలి.

పిల్లాడు గీసిన కాగితాలు పొయ్యిలో వేయకుండా తేదీ రాసి దాచడం తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి పని. ఏడాదిలో గీత ఎంత ఎదిగిందో అవే చెబుతాయి. వాటిని బడి పంతులుకు చూపించి, కాలేజీకి ఓసారి స్వయంగా వెళ్లి చూశాక నిర్ణయం తీసుకోవచ్చు. అప్పుడు ‘వద్దు’ అన్నా, ‘సరే’ అన్నా తెలిసి అన్నట్టవుతుంది.