గంట మోగని బడి

సూరత్ నగరంలో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్లు వినిపిస్తూనే ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు అక్కడి ఉధనా, లింబాయత్ పేటలలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడిపింది. ఇటువంటి ఇంట పట్టభద్రురాలైన యువతి ఇంగ్లీషు బోధనతో జీవిక సాగించదలిస్తే, ఇంటర్నెట్ ద్వారా ప్రత్యక్షంగా పాఠం చెప్పడం ఆమెకు సులభం కాదు. అందుకు నిర్ణీత సమయం, నిశ్శబ్దమైన గది కావాలి. ఇరుకు ఇళ్లలో ఈ రెండూ అరుదు.

తరగతి లేకుండా బోధన సాధ్యమేనా? ఈ ప్రశ్నకు చరిత్ర ఏనాడో సమాధానం చెప్పింది. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా ప్రారంభం కాగానే ఐజాక్ పిట్‌మన్ సంక్షిప్తలిపి పాఠాలను తపాలాలో పంపి, విద్యార్థుల రాతలను దిద్ది తిప్పిపంపాడు. 1873లో బోస్టన్‌లో అన్నా టిక్నర్ స్థాపించిన సంఘం ద్వారా మహిళలు ఇంట కూర్చుండియే ఉత్తరాలతో ఇతర మహిళలకు చదువు చెప్పారు. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వెలసింది. నేడు తపాలా స్థానాన్ని ఇంటర్నెట్ ఆక్రమించింది. దిద్దే చేయి మాత్రం మారలేదు.

విదేశాలకు వెళ్లగోరేవారు రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షనే చూడండి. అందులో రాత విభాగానికి ఒక గంట వ్యవధి. ఒక జవాబు కనీసం 150 పదాలు, మరొకటి 250 పదాలు ఉండాలి. అటువంటి వ్యాసాలను దిద్దడానికి గురుశిష్యులు ఒకే వేళకు కూర్చోనక్కరలేదు. ఉచ్చారణ రికార్డులు విని సూచనలివ్వడం, అభ్యాసాలు తయారుచేయడం, పాఠాలు రికార్డు చేయడం కూడా ఈ కోవలోనివే. శిక్షణ కేంద్రాలు, విద్యా ప్రచురణ సంస్థలు, ఇంటర్నెట్ కోర్సులు నడిపేవారు ఇటువంటి పని ఇస్తుంటారు.

అయితే ఈ స్వేచ్ఛకు వెల ఉన్నది. కాలం మన చేతికి వస్తుంది. కూలి మాత్రం లెక్క మీద పడుతుంది. మీటరు చొప్పున నేసే కార్మికునికి ఈ సంగతి బాగా తెలుసు. ఉదాహరణకు వ్యాసానికి 50 రూపాయలనుకుందాం. 20 నిమిషాలలో దిద్దితే గంటకు 150 రూపాయలు. అరగంట పడితే 100 మాత్రమే. కనుక ఒప్పుకొనే ముందే గడియారం పెట్టుకొని ఒక వ్యాసం దిద్ది చూడాలి. పని ఇచ్చేందుకు ముందుగా రుసుము అడిగేవారిని నమ్మరాదు. నమూనాగా ఒకటి దిద్ది చూపవచ్చు గాని, పది ఉచితంగా దిద్దిపెట్టరాదు. రికార్డు చేసిన పాఠంపై హక్కు ఎవరిదో, డబ్బు ఏ తేదీన వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఒకే సంస్థపై ఆధారపడడమూ క్షేమం కాదు. 2021లో చైనా ప్రభుత్వం విదేశాలలో ఉన్న ఉపాధ్యాయులచే తన పిల్లలకు ట్యూషన్లు చెప్పించడాన్ని నిషేధించగా, ఆ పనినే నమ్ముకున్న అనేకులు ఒక్కసారిగా ఉపాధి కోల్పోయారు.

వ్యాకరణ దోషాలను నేడు కంప్యూటరు సైతం పట్టగలదు. మరి మనిషి అవసరమేమి? తెలుగు విద్యార్థి ‘ఎ’, ‘ది’ అనే చిన్న పదాలను పదే పదే విడిచిపెడతాడు. మన భాషలో వాటికి సమానమైనవి లేకపోవడమే ఇందుకు కారణం. ఆ రెండు భాషలూ ఎరిగిన ఉపాధ్యాయురాలు తప్పును చూపడంతో ఆగక, దాని మూలాన్నీ చెప్పగలదు. ఆమె శ్రమకు విలువ అక్కడే ఉన్నది. ఈ బడిలో గంట మోగదు. గడువు మాత్రం తప్పదు. చెప్పిన రోజుకు, శ్రద్ధగా దిద్దిన కాగితం విద్యార్థికి చేరితే మరునాటి పని దానంతటదే వెతుక్కుంటూ వస్తుంది.