పేరుకు పెట్టుబడి

మన దేశంలో న్యాయవాది తన ఇంటిముందు తగిలించుకొనే పేరుబల్ల ఎట్లా ఉండవలెనో చెప్పే నిబంధన ఒకటి ఉన్నది. భారత బార్ కౌన్సిల్ నియమాలలో అది 36వది. బల్ల సముచితమైన పరిమాణంలోనే ఉండవలెను. ఫలానా రకం వ్యాజ్యాలలో తాను దిట్టనని కాని, పూర్వం న్యాయమూర్తిగా పనిచేశానని కాని దానిమీద వ్రాసుకొనరాదు. ప్రకటనలు వేయించి కక్షిదారులను పిలుచుకొనరాదు. వైద్యుల విషయంలో 2002 నాటి వృత్తిధర్మ నియమావళి కూడ ఇటువంటి హద్దులనే గీచింది. వైద్యశాల తెరిచినప్పుడో, చిరునామా మారినప్పుడో పత్రికలో ఒక ప్రకటన వేసుకొనవచ్చును. తమ గొప్పను తాము చాటుకొనుట మాత్రం కూడదు.

అనగా ఈ వృత్తులలో ధనవంతుడికైనా పేరును కొనుక్కొనే దారి మూసి ఉన్నది. మరి చేతిలో విద్య ఉండి, వెనుక ఆస్తి కాని, పలుకుబడి గల బంధువులు కాని లేని యువకుడు నలుగురికీ తెలిసేదెట్లా? మంచి ఫోటో తీయించుకొమ్మనీ, నిగనిగలాడే విజిటింగ్ కార్డులు అచ్చువేయించుకొమ్మనీ చెప్పే సలహాదారులకు ఈనాడు కొదవ లేదు. వారి రుసుము చెల్లించే స్తోమతే ఉంటే ఈ ప్రశ్న ఇంత బాధించదు. దీనికి సరియైన సమాధానం చూడదలచినవారు వంద సంవత్సరాలు వెనుకకు, మద్రాసు రాజధానికి పోవలసి ఉంటుంది.

1910లో శ్రీనివాస రామానుజన్ ఇరవైరెండేళ్ళ నిరుద్యోగి. ముందటి సంవత్సరమే వివాహమైనది. గణితం తప్ప మరొకటి పట్టించుకొననందున ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు, పట్టా లేదు. కాగితం కొనే స్తోమత లేక లెక్కలన్నీ పలకమీద చేసి, మోచేతితో తుడిచివేసి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఆ నోటుబుక్కులే ఆయన యావదాస్తి.

వాటిని చంకన పెట్టుకొని ఆయన మొదట వెళ్ళినది తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ వద్దకు. అడిగినది చిన్న గుమాస్తా ఉద్యోగం. కాని ఎవరిని అడిగాడన్నది గమనింపదగినది. 1907లో భారత గణితశాస్త్ర సంఘాన్ని స్థాపించినది ఈ రామస్వామి అయ్యరే. నోటుబుక్కు తిరగవేసిన అయ్యర్, ఇటువంటివాణ్ణి రెవిన్యూ శాఖలో పాతిపెట్టుట అన్యాయమని తలచి, ఉద్యోగానికి బదులు మద్రాసులోని మిత్రులకు పరిచయ లేఖలిచ్చి పంపాడు. ఆ లేఖలను పట్టుకొని ఒకరినుండి ఒకరికి, చివరకు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు వద్దకు రామానుజన్ చేరుకొన్నాడు.

ఆ సమావేశం సాగిన తీరును రామచంద్రరావే తరువాత వ్రాసి ఉంచారు. మాసిన బట్టలు, గీయని గడ్డం, చంకలో నలిగిన నోటుబుక్కు, మెరిసే కన్నులు. పుస్తకంలోనిది నిజమైన విద్యయో, వట్టి పిచ్చియో ఆయన తేల్చుకొనలేకపోయాడు. రామానుజన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కలెక్టరుకు అందే సులభమైన ఫలితాలను ముందు చూపాడు. అవి అచ్చులో ఉన్న పుస్తకాలను మించినవని ఆయనకు నమ్మకం కుదిరిన పిమ్మట, మెట్టు మెట్టుగా కఠినమైన వాటికి తీసుకొనిపోయాడు. ఏమి కావలెనని అడిగితే, పని సాగించుకొనుటకు తిండికి సరిపడినంత చాలునన్నాడు. నెలకు 25 రూపాయలు ఏర్పాటైనవి. ఎదుటివాడికి ఎంత అర్థమగునో అక్కడినుండి మొదలుపెట్టుట ఎంత కష్టమో, తమ వృత్తిని గురించి పరులకు చెప్పబోయి భంగపడినవారికి తెలుసును. మాసిన బట్టల సంగతి రెండవ రాకనాటికి ఎవరికీ పట్టలేదు.

1911లో గణిత సంఘం పత్రికలో రామానుజన్ పేరు అచ్చులో కనబడినది. వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల మరొకటి, ఇట్లా అంతులేకుండా సాగే ఒక సమాసం విలువ ఎంత అని పాఠకులకు ప్రశ్న వేశాడు. మూడు సంచికలు గడిచినా ఎవరూ సమాధానం పంపలేదు. చివరకు తానే చెప్పాడు: మూడు. పత్రికలో ప్రశ్నల శీర్షికకు రుసుము లేదు. కాని దక్షిణదేశంలో గణితం తెలిసినవారందరూ చదివేది దానినే. ఆ సంవత్సరమే బెర్నౌలీ సంఖ్యలపై ఆయన వ్యాసం వెలువడినది. ఆయన శైలి ఎంత క్లుప్తమో అంత దుర్గ్రాహ్యము. స్పష్టత కోసం ఆ వ్యాసాన్ని సంపాదకుడు తిరిగి వ్రాయించవలసి వచ్చింది.

1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంపై గుమాస్తాగా చేరాడు. దరఖాస్తుకు ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుని సిఫారసు జతపరిచాడు. అక్కడి చీఫ్ అకౌంటెంటు నారాయణ అయ్యర్ గణిత సంఘానికి కోశాధికారి కావడం కేవలం అదృష్టమని నేననుకొనను. ఆ సంఘంవారి మధ్య రెండేళ్ళుగా ఆ నోటుబుక్కులు తిరుగుతూనే ఉన్నవి.

ఇంగ్లండుకు వ్రాసిన ఉత్తరాల కథ లోకవిదితమే, కాని అందులో అపజయాల భాగాన్ని చాలామంది వదలివేస్తారు. లండన్ ఆచార్యుడు హిల్ ఆయన వ్యాసంలోని లోపాలను ఎత్తి చూపి, చదువవలసిన గ్రంథాన్ని సూచించి ఊరుకొన్నాడు. కేంబ్రిడ్జిలో ఇద్దరు పెద్దలనుండి ఏ ప్రోత్సాహమూ రాలేదు. మూడవ ప్రయత్నంగా 1913 జనవరి 16న జి.హెచ్. హార్డీకి వ్రాశాడు. తన జీతం సంవత్సరానికి 20 పౌండ్లనీ, తనకు విశ్వవిద్యాలయ విద్య లేదనీ దాచక చెప్పాడు. తన ప్రతిభను గురించి విశేషణాలు వాడుటకు బదులు సుమారు 120 సిద్ధాంతాలను వరుసగా వ్రాసి పంపాడు. హార్డీ మొదట అనుమానించాడు. కొన్ని పాతవే, కొన్నిటిని నిరూపించుటకు తానే చెమటోడ్చవలసి వచ్చింది, మరికొన్ని మునుపెన్నడూ చూడనివి. ఫిబ్రవరి 8న ప్రత్యుత్తరం వ్రాసి, నిరూపణలు కావలెనన్నాడు.

రామానుజన్ మేధ కోటికొకరికి దొరకదు కనుక ఈ ఉదాహరణ సామాన్యులకు పనికిరాదని ఎవరైనా అనవచ్చును. మేధ సంగతి నిజమే. కాని పరిచయ లేఖ, ప్రశ్నల శీర్షిక, తపాలా బిళ్ళ ఆనాటి ఏ గుమాస్తాకైనా అందుబాటులో ఉన్నవే. ఈనాటి అనువాదకుడు అచ్చుకు సిద్ధమైన నాలుగు పుటలను ఒక సంపాదకునికి పంపవచ్చును. కొత్త ఇంజనీరు తాను కట్టిన చిన్న ఇంటికి ఎంత సిమెంటు పట్టినదో, ఎక్కడ ఆదా అయినదో ఒక కాగితంమీద వ్రాసి, ఆ ఇంటి యజమాని పేరు క్రింద చేర్చవచ్చును. సెల్‌ఫోనులో ఒకే సందేశం క్షణంలో వేయిమందికి పంపగలిగిన ఈ రోజులలో, ఫలానావారి పనిని చదివి, వారికి మాత్రమే వ్రాసిన ఉత్తరం ఎంత అరుదో అది అందుకొన్నవారికి తెలుసును.

హార్డీ మాట మద్రాసుకు చేరినది. విశ్వవిద్యాలయం 1913 మే 1 నుండి నెలకు 75 రూపాయల వేతనం మంజూరు చేసింది. పట్టా లేనివానికి అటువంటి ఉపకారవేతనం ఇచ్చుటకు కొందరు అభ్యంతరం చెప్పకపోలేదు. షరతు ఒకటే: మూడు నెలలకొకసారి చేసిన పనిని గురించి నివేదిక సమర్పించవలెను. ఆగస్టులో మొదటి నివేదిక ఇచ్చాడు.