నగరములను కూల్చు రాకాసి ఆటలు

వీడియో ఆటలలో ఒక వింత తెగ కలదు. ఇందులో ఆడువాడు వీరుడు కాడు, దొంగను తరుము పోలీసు కాడు. తాడిచెట్టును తలదన్నిన రాకాసి బల్లియో, కొండంత కోతియో తానై ఒక నగరములో జొరబడి, మేడలను పిడికిళ్ళతో పొడిచి, వంతెనలను విరిచి, రైళ్ళను ఎత్తి విసరుటయే అతని పని. ఎంత పాడు చేసిన అన్ని మార్కులు. విద్యార్థి మిత్రులలో పెక్కురు ఇట్టి ఆటలను చేతి ఫోనులోనో కంప్యూటరులోనో ఆడినవారే. "ఇదేమి వినోదము? ఆవరణలో వీనిని కట్టడి చేయవలదా?" అని పెద్దలు విసుగుకొనుటయు సహజమే. ఆ ఆటలను వెనకేసుకొని వచ్చుట మా ఉద్దేశము కాదు, తూలనాడుటయు కాదు. అవి ఎక్కడ పుట్టినవి, లోపల ఎట్లు పని చేయును, ఏటేట గోదావరి వరదను చూచు మనకు అవి ఎట్లు కనబడును అను సంగతులను విచారింతము.

ఈ రాకాసికి పుట్టినిల్లు జపాను. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులకు గురియైనవి. తొమ్మిదేండ్లు తిరుగక ముందే, 1954 మార్చి 1వ తేదీన అమెరికా పసిఫిక్ మహాసముద్రమందలి బికినీ దీవులలో హైడ్రోజన్ బాంబును పరీక్షించినది. ఆ ప్రేలుడు శాస్త్రజ్ఞుల అంచనాలను మించిపోయినది. దూరమున చేపలు పట్టుకొనుచుండిన ఒక జపాను పడవపై తెల్లని బూడిద మంచువలె రాలినది. ఆ పడవ పేరునకు అదృష్ట నాగము అని అర్థము. అందున్న 23 మందియు జబ్బుపడిరి. పడవలోని రేడియో ఉద్యోగి సెప్టెంబరులో మరణించినాడు. ఆ సంవత్సరమే నవంబరు 3న "గాడ్జిల్లా" చిత్రము విడుదలయైనది. బాంబు పరీక్షల వలన సముద్రగర్భమున మేల్కొన్న ఒక ప్రాచీన జంతువు టోక్యో నగరమును త్రొక్కి తగులబెట్టుట అందలి కథ. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధము నుండి ఇంటికి మరలునపుడు హిరోషిమా శిథిలములను చూచినవాడు.

ఎయిజీ సుబురాయా చేసిన ఏర్పాటు చాల సులభమైనది. రబ్బరు తొడుగులో ఒక మనిషి, అతని నడుము వరకు వచ్చు బొమ్మ మేడలు, అంతే. అయినను ఆ చిత్రము నవ్వు పుట్టించదు. రాకాసి వెళ్ళిపోయిన తరువాత కెమెరా ఆసుపత్రిలోనికి పోవును. నేలమీద వరుసగా క్షతగాత్రులు, ఒక పసిపిల్ల చెంత అణుధార్మికతను కొలుచు పనిముట్టు, మంటల నడుమ బిడ్డలను పొదువుకొని చావుకు సిద్ధమైన ఒక తల్లి, ఇవన్నియు అందు కలవు. ఆ చిత్రమును తీసినవారు మేడల లోపల మనుష్యులున్నారని మరువలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. ఆటలలో ముందుగా మాయమైనది ఇదియే.

ఎట్లు మాయమైనది? 1981లో అమెరికాలో "క్రష్, క్రంబుల్ అండ్ చాంప్" అను కంప్యూటరు ఆట వచ్చినది. న్యూయార్కు, వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, టోక్యోలలో ఒక నగరమును, మన ఇష్టమైన ఒక రాకాసిని ఎంచుకొని నాశనము ప్రారంభింపవచ్చును. ఆకలి వేసిన రాకాసికి మనుష్యులే ఆహారము. చాలకాలము తినకున్నచో అది మన చెప్పుచేతలలో ఉండదు. 1986లో షికాగో ప్రాంతపు బాలీ మిడ్‌వే సంస్థ "రాంపేజ్" అను నాణెపు యంత్రపుటాటను వెలువరించినది. జార్జి అను గొరిల్లా, లిజ్జీ అను బల్లి, రాల్ఫ్ అను తోడేలు అందలి పాత్రలు. ముగ్గురు స్నేహితులు ఒకేసారి నిలబడి ఆడవచ్చును. పియోరియా అను ఊరితో మొదలై, దినమున కొక ఊరు చొప్పున 128 దినములు ఈ దండయాత్ర సాగును.

ఈ ఆట లోపలి ఏర్పాటును కొంచెము విప్పి చెప్పవలెను, ఏలయనగా చిక్కంతయు అందే ఉన్నది. తెరమీద మనకు కనబడు మేడ కంప్యూటరుకు కొన్ని అంకెలు మాత్రమే. ఒక్కొక్క గుద్దునకు గోడలో ఒక కంత పడును, లెక్కలో కొంత తగ్గును. దెబ్బలు ఒక హద్దు దాటగానే మేడ బొమ్మ మొత్తము ధూళిమేఘము వెనుక నుండి క్రిందికి జారిపోవును. కిటికీలో కనబడు మనిషి కూడ ఒక లెక్కయే. వానిని తిన్నచో రాకాసి బలము పెరుగును. తుపాకులు, హెలికాప్టరులు ఆ బలమును తగ్గించును. బలము పూర్తిగా సన్నగిల్లినపుడు రాకాసి తన పూర్వరూపమున దిగంబరుడైన మామూలు మనిషియై, సిగ్గుతో ఒంటిని కప్పుకొనుచు తెరప్రక్కకు తప్పుకొనును. ఇంకొక నాణెము వేసినచో మరల లేచును. ఊరంతయు నేలమట్టమైన మరుక్షణమే క్రొత్త ఊరు, క్రొత్త మేడలు, క్రొత్త జనము.

ఇందలి సంతోషము దుర్మార్గులకే గాని కలుగదనుట సరికాదు. గోదావరి ఇసుకతిన్నెలలో పిచ్చుకగూళ్ళు కట్టి, ఇంటికి పోవునపుడు వానిని కాలితో తన్ని పోని బాలుడెవడు? ఇల్లు, బడి, బజారు అన్నియు తనకంటె పెద్దవైన లోకములో ఒక్క నిమిషమైనను తాను అన్నిటికంటె పెద్దవాడగుట పిల్లవానికి ఎంతో తృప్తి. పిచ్చుకగూటిలో ఎవరును కాపురముండరు గనుక దోషమును లేదు. ఆ ఆటలకు మేము పెట్టు వంక ఒక్కటే. అవి నిజమైన నగరమును పిచ్చుకగూడుగా చూపును.

1986వ సంవత్సరమును మన జిల్లాల వారు మరువలేరు. రాంపేజ్ వచ్చిన ఆ ఏటనే, ఆగస్టు నెలలో, గోదావరి భద్రాచలము వద్ద 75 అడుగులు దాటి ప్రవహించినది. ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పోయినది. గట్లు తెగినవి, లంక గ్రామములు మునిగినవి. పదేండ్లకు, 1996 నవంబరు 6 రాత్రి, కాకినాడకు దక్షిణముగా తుఫాను తీరము దాటినది. వేయిమందికి పైగా మరణించిరి. కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలినవి. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుట అవసరము. ఆటలో కూలిన నగరము రెండు మూడు క్షణములలో మరల లేచును. నాటు కొబ్బరి మొక్క నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. ఆ రాత్రి పదేండ్ల బాలుడుగా ఉన్నవాడు, తన తండ్రి మరల నాటిన చెట్టు నుండి మొదటి కాయ దింపునాటికి కళాశాల విద్యార్థియై యుండును.

అంతకు పూర్వపు కథ కోరంగిది. ఓడలు కట్టు పేరుపొందిన రేవది. 1789లోను, 1839 నవంబరులోను వచ్చిన తుఫాను ఉప్పెనలకు పాడై, మరల పూర్వవైభవమును పొందలేదు. 1839 నాటి కోరంగి తుఫానును గూర్చి కలకత్తాలో హెన్రీ పిడింగ్‌టన్ ప్రత్యేకముగా ఒక వ్యాసము వ్రాసినాడు. 1848లో ఇట్టి గాలివానలకు "సైక్లోన్" అను పేరు పెట్టినవాడును ఆయనయే. పాము చుట్టను సూచించు గ్రీకు పదము నుండి ఆ పేరు తీసినాడు. అనగా, మన తీరమునకు వచ్చు తుఫాను పేరులోనే ఒక మహాసర్పము దాగియున్నది.

వీడియో ఆటలన్నియు రాంపేజ్ దారినే పోయినవనుకొనరాదు. విల్ రైట్ అను అమెరికను 1984లో "రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే" అను ఆట చేసినాడు. హెలికాప్టరు నుండి దీవులపై బాంబులు వేయుట అందలి పని. ఆ దీవులలో రోడ్లు, కర్మాగారములు దిద్దుచున్నపుడు, వానిని కూల్చుటకంటె కట్టుటయే తనకు ఎక్కువ సంతోషమిచ్చుచున్నదని అతడు గ్రహించినాడు. ఆ గ్రహింపు నుండి 1989లో "సిమ్‌సిటీ" పుట్టినది. ఇందులోను రాకాసి కలదు. ఊరిలో కాలుష్యము పెరిగినచో దానిని వెదకికొనుచు వచ్చును. 1957 నాటి టోక్యోపై రాకాసి దాడి ఇందులో ఒక ప్రత్యేక ఘట్టము కూడ. అయితే ఇక్కడ ఆడువాడు రాకాసి కాడు, నగరాధ్యక్షుడు. రాకాసి పోయిన తరువాతనే అతని కష్టము మొదలగును. శిథిలములను తొలగించుటకు డబ్బు, తెగిన విద్యుత్తు తీగలకు డబ్బు, రోడ్లకు డబ్బు. పన్ను పెంచినచో జనము ఊరు విడిచిపోవుదురు. మునిసిపాలిటీ సమావేశములకు పోయిన పెద్దలకు ఈ ఆట కొత్తగా తోచదు!

జపానువారు ఇంకొక అడుగు వేసినారు. 2017లో గ్రాంజెల్లా అను సంస్థ చేసిన ఒక ఆటలో, గాడ్జిల్లా వంటి మహాకాయములు నగరమున పోరాడుచుండగా, ఆడువాడు వాని కాళ్ళ క్రింద పరుగెత్తు మామూలు పౌరుడు. ఆయుధము లేదు. ఎటు పోవలెను, ఎవరిని వెంటబెట్టుకొని పోవలెను అనునదే ప్రశ్న. వీరిలో ముఖ్యులు పూర్వము భూకంపమున చిక్కుకొన్నవాని కథతో ఆటలు చేసినవారు. ఆ వరుసలో నాలుగవ ఆట 2011లో రావలసి యుండగా, మార్చి 11న జపాను ఈశాన్యతీరమున మహాభూకంపము, సునామీ సంభవించినవి. మూడు దినములకు, మార్చి 14న, ఆ ఆటను విరమించుకొన్నట్లు నాటి సంస్థ ప్రకటించినది. అది తిరిగి వెలుగు చూచినది 2018లో. అమ్మకానికి సిద్ధపరచిన ఆటను, నిజముగా ఇండ్లు పోయినవారి మొగము చూచి ఆపివేసిన ఆ నిర్ణయమును మేము గౌరవింతుము.

మహాకాయుడు నగరమును పాడు చేయుట తెరమీద చూచుట మన జిల్లాలకు కొత్త కాదు. కాకినాడ సమీపమందలి మాధవపట్నము తోలుబొమ్మలాటకు పేరుపొందినది. బిగించిన తెల్లగుడ్డ, వెనుక దీపము, మనిషి ఎత్తు రంగుబొమ్మలు. లంకాదహన ఘట్టము వచ్చినదనగా నిద్రపోవు పిల్లలను కూడ లేపి కూర్చుండబెట్టెడివారు. తోకకు నిప్పంటిన హనుమంతుడు మేడనుండి మేడకు దుముకుచుండగా జనము చేయు కేకలకును, రాంపేజ్ యంత్రము చుట్టు చేరిన పిల్లల కేకలకును భేదము లేదు. భేదము తరువాత వచ్చును. వాల్మీకి సుందరకాండలో లంకను కాల్చిన హనుమంతుడు ఆగి, ఈ మంటలలో సీత కూడ దగ్ధమైనదేమో యని గుండె పగిలి, తన కోపమును తానే నిందించుకొనును. కాల్చినవాడు, లోపల ఎవరున్నారని అడుగుకొన్న ఘట్టమిది. అమీర్ హమ్జా దాస్తానులను ఎరిగిన ఉర్దూ మిత్రులకు లంధూర్ గుర్తుకు రాగలడు. మహాకాయుడై, గదతో హమ్జాను ఎదిరించిన ఆ రాజు చివరకు హమ్జాకు ఆప్తమిత్రుడగును. పాతకథలలో మహాకాయులకు పేరు, మనసు, పశ్చాత్తాపము కలవు. నాణెపు యంత్రములోని రాకాసికి బలము లెక్క ఒక్కటే కలదు.

ఆటలను కట్టడి చేయుటకంటె మంచి మార్గమొకటి మాకు తోచుచున్నది. 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ సంస్థ "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను ప్లేస్టేషన్-2 యంత్రమునకు తయారు చేసినది. తెలుగునేలపై ఇట్టి పని జరుగగలదనుటకు అది సాక్ష్యము. కంప్యూటరు చదువు విద్యార్థులు నలుగురు కలిసినచో నేడు చిన్న ఆటను తామే వ్రాయగలరు. కళాశాల కమిటీ పెద్దలు ఒక గదిని, రెండు యంత్రములను, ఒక సెలవుకాలమును వారికిచ్చినచో చాలును. వారికి రాకాసిని వెదకవలసిన పని లేదు. అది ప్రతి ఏడు వర్షాకాలమున మన ముంగిటికి వచ్చునదే. 2022 జూలైలో కూడ భద్రాచలము వద్ద 71 అడుగులు దాటి వచ్చినది.

ఆటకు నియమములు కూడ సిద్ధముగా ఉన్నవి. భద్రాచలము వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరము వద్ద నీరు 10 లక్షల క్యూసెక్కులైనచో మొదటిది, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ఎగువ నీరు దిగువకు చేరులోపల లభించు గంటలే ఆడువాని చేతిలోని నాణెములు. పడవలు ఇన్ని, లంకలలోని ఇండ్లు ఇన్ని, కదలలేని ముసలివారు ఇందరు, పశువులు ఇన్ని, గట్టుమీద ఇసుక బస్తాలు ఇన్ని. పడవను ముందు ఏ లంకకు పంపవలెను? పశువులను విడిచి రానను రైతును ఏమని ఒప్పింపవలెను? వరద తీసిన తరువాత ఆట ముగియరాదు. మేట వేసిన ఇసుకను తొలగించి, మొక్క నాటి, కాపు వచ్చువరకు ఏడేండ్లు నడుపవలెను. మొదటి తెరమీద మేడలుండవు, రాకాసియు ఉండదు. వానలో తడియుచున్న కొలబద్ద ఒకటి, దానిపై 43 అను అంకె, దానికి ఇంకను రెండు మూడు అంగుళములు క్రిందుగా ఎర్రని నీరు కనబడును.