అవ్వ కేక

ఎదురింటి అవ్వ పొద్దుగూకితే ఎందుకట్లా అరుస్తుందని అడిగావు కదా తల్లీ. ఎవరన్నా గాలి సోకిందంటే నమ్మొద్దు. మొండితనమూ కాదు. అది డిమెన్షియా, మెదడు జబ్బు.

అందులో ఒక రకమైన అల్జైమర్స్‌ను గుర్తించిన కథలోనే ఈ కేక ఉంది. 1901లో ఆగుస్టే డేటర్ అనే 51 ఏళ్ల ఆవిడను జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో చేర్చారు. గంటల తరబడి ఘోరంగా అరిచేదని డాక్టర్ అల్జైమర్ రాశాడు. 1906లో ఆమె పోయాక మెదడును పరీక్షిస్తే కణాల మధ్య మచ్చలు, లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. మాట కూర్చే చోటు దెబ్బతింటే మాట పోతుంది. నొప్పి, దాహం, భయం మాత్రం పోవు. చెప్పుకోవడానికి గొంతొక్కటే మిగులుతుంది.

పుంగనూరులో మా పెద్దమ్మ ఉండేది. కుప్పం పక్క తమిళం మాట్లాడే ఇంట పుట్టి, కోడలై వచ్చాక తెలుగే మాట్లాడింది. జబ్బు ముదిరాక ‘వలిక్కుదు, వలిక్కుదు’ అని ఒకటే కేక. మదనపల్లె నుంచి వచ్చిన కోడలికి అరవం రాదు. దుప్పటి కప్పేది, నీళ్లు తాపేది. కుప్పం చుట్టం ఒకామె వచ్చి, ‘నొప్పంటా ఉంది కదమ్మా’ అంది. నోరు తెరిచి చూస్తే కట్టుడు పళ్ల కింద చిగురు ఒరుసుకుపోయి శనగబేడంత పుండు! నెల్లాళ్లు అన్నం ముద్ద పెట్టినప్పుడల్లా ఆ బాధ పడిందని తలచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. పళ్లు తీసేసి జావ పోశారు. పగటి కేకలు తగ్గాయి.

చాలామందికి చిన్ననాటి భాషే ఎక్కువకాలం నిలుస్తుంది. మన భాషల గురించి ఒక మంచి కబురు. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, ఫలితాలను 2013లో ప్రచురించింది. రెండు భాషలు వచ్చినవాళ్లకు ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట, చదువురానివాళ్లలో కూడా.

పెద్దమ్మకు సందకాడ కేకలు మాత్రం పోలేదు. వెలుగు తగ్గితే నీడలు మనుషుల్లా తోస్తాయి, ఒంట్లో రాత్రీపగలూ లెక్క తప్పుతుంది. ‘ఆవును కట్టేసినారా?’ అని అరిచేది. పుంగనూరు పొట్టి ఆవు, ఎప్పుడో పోయింది. ‘ఆవు లేదు’ అంటే ఏడ్చేది. కొడుకు దీపం వేసి, చెయ్యి పట్టుకుని, ‘ఆవంటే నీకెంత ఇష్టమో చెప్పమ్మా’ అంటే నెమ్మదించేది.

ఉన్నట్టుండి కేకలు పెరిగితే మూత్రంలో చీము పట్టిందో, మలబద్ధకమో డాక్టరు చూడాలి. నిద్రమాత్రతో నోరు మూయించడం నాకు నచ్చదు.

పద, ఎదురింటికి పోదాం. అవ్వ చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో ముందు చూద్దాం.