కంబదూరు గుడియు, నవంబరు వారమును



మన దేశమందలి పురాతన కట్టడములను గూర్చి యేడాదికి రెండుమారులు పత్రికలలోను, రేడియోలోను విశేషముగ ప్రస్తావన వచ్చుచుండుట మీరెరుగనిది కాదు. ఏప్రిలు 18వ తేది మొదటిది. కట్టడముల పరిరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ మండలి 1982లో ఈ దినమును సూచింపగా, మరుసటి యేట యునెస్కో సంస్థ దాని నంగీకరించెను. నవంబరు 19 మొదలు 25 వరకు గల వారము రెండవది. దీనిని భారత పురావస్తు శాఖవారు దేశమంతటను వారసత్వ వారముగ జరుపుదురు. ఆ దినములలో హంపికిని, లేపాక్షికిని జనులు బారులు తీరి పోవుదురు. కంబదూరు మల్లికార్జునస్వామి గుడియు కేంద్ర శాఖవారి రక్షణలోనిదే. అయినను ఆ వారమున అచ్చటికి వచ్చు క్రొత్తవారెందరు? బస్సు దిగి గుడికి దారియేదని యడిగినవానికి త్రోవ చూపువారున్నారు గాని, గుడిలో నేమున్నదో చెప్పువారు లేరు. ఈ లోపమును గ్రామస్థులే తీర్చుకొన వీలుండునా, తీర్చుకొన్నచో ఊరికి మేలెంత, కీడెంత యను విషయమును నేడు విచారింతము.

మొదట మన కేమున్నదో తెలిసికొనవలెను. అనంతపురము సీమను, దానికి పడమటనున్న కన్నడ సీమను కలిపి ఎనిమిదవ శతాబ్దము మొదలు పదునొకండవ శతాబ్దము వరకు నొళంబ పల్లవులు పాలించిరి. వారి రాజ్యమునకు నొళంబవాడి ముప్పదిరెండువేలు అని పేరు. వారి రాజధాని హెంజేరు. అదియే నేటి హేమావతి. వారికి ఇరుగుపొరుగు రాజులతో నెడతెగని పోరు. గంగరాజైన మారసింహుడు నొళంబకులాంతకు డని బిరుదు ధరించెనన్నచో ఆ వైర మెంతటిదో యూహింపవచ్చును. పిమ్మట చోళులు దండెత్తి వచ్చిరి. వారు నొళంబుల నల్లరాతి స్తంభములను చూచి ముచ్చటపడి, పెరికించి, కావేరితీరమందలి తిరువయ్యారు వరకు మోయించుకొని పోయిరి. ఆ స్తంభములు నేటికిని అచ్చటి యాలయమున నిలిచి యున్నవి. దండెత్తివచ్చిన రాజు బంగారమును, ఏనుగులను గొనిపోవుట సహజము. రాతికంబములను వందల మైళ్లు మోయించుకొనిపోయెనన్నచో అవి యెంతటివై యుండవలెను!

కంబదూరు గుడియు ఆ శిల్పమర్యాదకే చెందినది. నొళంబుల పద్ధతియు, వారి వెనుక వచ్చిన కల్యాణి చాళుక్యుల పద్ధతియు దీనియందు కలిసినవి. ఇట్టి నిర్మాణములను చూచుట కొక తీరు కలదు. లేపాక్షిని చూచిన కన్నులతో దీనిని చూడరాదు. లేపాక్షి వీరభద్రాలయము విజయనగరపు అచ్యుతదేవరాయల కాలమున విరుపణ్ణ, వీరణ్ణ లను సోదరులు కట్టించినది. అది సుమారు 1530 ప్రాంతపు మాట. విశాలమైన మండపములు, పైకప్పున రంగురంగుల చిత్తరువులు, ఊరి వెలుపల ఏకశిలా నంది యచ్చట జనులను పిలిచి చూపును. 2022లో అది యునెస్కోవారి తాత్కాలిక జాబితాలోనికి ఎక్కినది. కంబదూరు గుడి యట్లు పిలువదు. దీనికి దగ్గరగ పోయి నిలువవలెను, పక్కనొకరు నిలిచి చెప్పవలెను. ఈ భేదము తెలియక లేపాక్షి యుత్సవములవలె పెద్ద వేదిక, పెద్ద దీపములు, పెద్ద పాటకచ్చేరి యని బయలుదేరినచో మొదటి యేటనే ఊరు అప్పులపాలగును.

ఈ విషయమున ఐరోపా ఖండమువా రెంచుకొన్న మార్గము మనకు పనికివచ్చును. 1984లో ఫ్రాన్సు దేశమున ఒక్క దినము పురాతన కట్టడముల తలుపులన్నియు ప్రజలకు తెరచియుంచిరి. నాటకములు, బాణసంచా యను హంగు లేదు. మామూలుగ మూసియుండు తలుపు ఆనాడు తెరచియుండుట, లోపల తెలిసినవా రొకరుండి చెప్పుట, ఇంతే. అది జనులకు నచ్చుటచే 1991 నాటికి ఐరోపా దేశములు కలిసి వారసత్వ దినములను జరుపుకొనసాగినవి. తలుపు తెరచుటకు ధనమక్కరలేదు, మనుష్యులు కావలెను. మనకు లేనిది ధనము, ఉన్నది మనుష్యులే గదా.

ఏ దినము? ఇచ్చట కృషి పంచాంగమును చూడక తప్పదు. ఏప్రిలు 18 నాటికి మన మెరకసీమలో రాతిపై అడుగు మోపజాలము. బావులలో నీరు అడుగంటును. పొరుగూరి చుట్టమును పిలుచుటకే మనసొప్పని కాలమున బెంగుళూరువారిని పిలుచుట పుణ్యము కాదు. కనుక నవంబరు వారమే మనది. దానికిని చిక్కు లేకపోలేదు. ఆషాఢమున విత్తిన చెనక్కాయ పెరికి, కుప్పవేసి, కాయ కోయించు పని యప్పటికి ముగిసియు ముగియక యుండును. పశ్చిమపు వానలు కనుమలయొద్దనే సన్నగిల్లి, తూర్పు వానలు మన వరకు చేరక, సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతపు వర్షముతో బ్రతుకు సీమ మనది. ఆ నాలుగు బస్తాల కాయ ఇల్లు చేరువరకు ఉత్సవముమాట యెత్తిన పెద్దను రైతు మన్నింపడు. కాబట్టి ఏడు దినములును గాక, ఆ వారమున వచ్చు శని, ఆదివారములు రెండే చాలును.

మరియొక సంగతి. కార్తికమాసము కొన్ని యేండ్లలో ఈ వారమంతయు వ్యాపించి యుండును, కొన్ని యేండ్లలో వారము మొదలగునప్పటికే ముగియవచ్చును. కలిసి వచ్చిన యేట శివాలయమున దీపములు పెట్టుకొను మన యాచారమే సగము ఉత్సవము. క్రొత్తగ కల్పింప నక్కరలేదు.

ఇక చెప్పువారి మాట. ఉన్నత పాఠశాల పిల్లలలో పదిమందిని, బాలురను బాలికలను సమముగ, ఆగస్టులోనే యెన్నుకొని తీర్చవలెను. వారికి మూడు సంగతులు వచ్చిన చాలును: కట్టించినవా రెవరి పద్ధతివారు, రాతిని ఎట్లు చెక్కిరి, శాసనమన నేమి. పెద్దలైన మీకు ఇంకొక పని కలదు. చెరువు కట్టను, తూమును, పాత బావిని, వాటిని గూర్చి మీ తాతలు చెప్పిన కథలను మీరే చెప్పవలెను. అయితే శాసనము చెప్పినది వేరు, జనులు చెప్పునది వేరు అని విభజించి చెప్పుట మరువరాదు. “ఇది రాతిపై నున్న మాట, ఇది మా ఊరి మాట” యని చెప్పిన వానిని విన్నవాడు రెండింటను నమ్మును. రెండును కలిపి చెప్పిన వానిని చదువరియైనవాడు దేనియందును నమ్మడు. మనది సరిహద్దుసీమ, పావగడ యెంతో దూరము లేదు. నొళంబుల శాసనములు పెక్కు కన్నడమున నున్నవి. కన్నడమున నాలుగు మాటలు చెప్పగల ముసలివారు ఊర నున్నచో ఆ రెండు దినములు వారికి విశ్రాంతి లేదనుకొనుడు.

అతిథులకు చూపదగినది గుడి యొక్కటియే కాదు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటవారి తోలుబొమ్మలు దేశమంతట కీర్తి గన్నవి. అచ్చటి శిల్పి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. ఒక రాత్రి వారి యాటను గుడికి దూరముగ బయలున నాడించినచో, వచ్చినవారు రాత్రి నిలుతురు. నిలిచినవాడు భుజించును; భుజించుటవలననే ఊరికి రెండు రూకలు. రాగి సంగటి, ఉలవచారు, చెనక్కాయ చట్ని, కొర్రన్నము, ఓళిగలు, ఇవి మన యిండ్లలో నున్నవే. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించినపిదప పట్టణములవారు కొర్రలకై వెదకుచున్నారు. మనము మాత్రము చుట్టము వచ్చిన వరియన్నము పెట్టనిచో మర్యాద తగ్గునని జంకుదుము. ఆ జంకు ఆ రెండు దినములకైనను మానవలెను.

ఇక హెచ్చరికలు. నే నొకమారు ఒకానొక గ్రామమునకు ఉత్సవము చూడబోయితిని. అతిథులు వత్తురని గ్రామస్థులు భక్తితో చందాలెత్తి, వేయేండ్ల నాటి స్తంభములకు పసుపు, నీలము ఎనామిలు రంగులు పూసిరి. ద్వారపాలకుని ముఖమున కన్నులు, మీసములు క్రొత్తగ దిద్దిరి. శాసనపు రాతికి సున్నము కొట్టిరి. చూడ వచ్చినవారు చూడవలసినది ఆ రంగు క్రింద పోయినది. వారిని నేను తిట్టలేకపోయితిని, అది ప్రేమతో చేసినదే. కాని రంగు తీసినప్పుడు రాతిపొరయు దానితోడ రాలును. గుడికి చేయదగిన అలంకారము ఊడ్చుటయే. శాసనాక్షరములు కనబడుటకై సుద్ద రాయుట, నూనె పూయుట గూడ కూడదు. ప్రక్కనుండి దివిటీ వెలుగు చూపినచో అక్షరము తానే లేచి కనబడును. సంజవేళ ఈ చిత్రమును చూపుడు, చిన్నపిల్లలు మీ వెంట విడువక తిరుగుదురు.

చట్టముమాట క్లుప్తముగ. 1958 నాటి పురాతన కట్టడముల చట్టమునకు 2010లో సవరణ జరిగి, రక్షిత కట్టడము చుట్టు 100 మీటర్లలో క్రొత్త నిర్మాణము నిషేధింపబడినది. ఆపైన 200 మీటర్లలో అనుమతి కావలెను. కట్టడపు హద్దులలో సభలు, వినోదములు జరుపుటకు శాఖవారి అనుమతి ముందుగ పొందవలెను. లోపల వంట చేయరాదు. అనాదిగ జరుగుచున్న పూజాచారములకు సభలనుగూర్చిన యీ నిర్బంధము లేదు. కావున దీపములు గుడిలో, భోజనము ఊరిలో, ఆట బయలులో. ఈ విభజన ముందే చేసికొన్నచో అధికారులతో తగవు రాదు.

హంపి సంగతి మీకు తెలియవలెను. 1986లో అది ప్రపంచ వారసత్వ స్థలమాయెను. సమీపమున కట్టదొడగిన వంతెనల మూలమున 1999లో ప్రమాదమందున్న వాని జాబితాకెక్కి, 2006లో దానినుండి దిగెను. 2011లో విరూపాక్షాలయపు వీధిలోని పాత మంటపములలో కాపురముండి, అంగళ్లు పెట్టుకొని, యాత్రికులవలన జీవించుచుండిన కుటుంబములను ఖాళీచేయించిరి. వారిని గూర్చి నాకు జాలియే కలదు. కట్టడముల దిక్కు న్యాయమును లేకపోలేదు. యాత్రికు లధికమగుకొలది ఇట్టి సంఘర్షణ పుట్టును. కనుక గుడి గోడ నానుకొని ఒక్క బడ్డీకొట్టయినను మొదటినుండి పెట్టనీయకుడు. నేడు బడ్డీ పెట్టుకొన్న పేదవానినే రేపు లేపవలసి వచ్చును. బస్సు దిగుచోటనుండి గుడివరకు గల వీధియందలి యిండ్లముంగిళ్లే అంగళ్లుగ నుండనిండు; అప్పుడు లాభము ఇద్దరు ముగ్గురికి గాక వీధికంతటికిని పోవును.

ఎందరు రావలెను? మొదటి యేట ఇన్నూరుమంది చాలును. ఇన్నూరుమందికి త్రాగునీరు, ఆడువారికి మరుగుదొడ్లు ఏర్పరచుటకే ఎంత శ్రమయో చేసిన గాని తెలియదు. మన బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా నుండుచోట్లు కలవు, శుద్ధిచేసిన నీటినే పెట్టవలెను. ఈ ఇన్నూరుమందిలో సగము మనవారే యైనను చిన్నతనము లేదు. వాన కరవై బెంగుళూరుకు కూలికి పోయి, ఇటుకలు మోయుచు, కార్లు నడుపుచు నున్న మన పిల్లలు పండుగకు తప్ప ఊరికి రారు. తమ యజమానులకు, తోడివారికి “మా ఊర గుడి యున్నది” యని వారు చెప్పినచో అదియే ప్రకటన. అట్టివాడు నలుగురిని వెంటబెట్టుకొని వచ్చినప్పుడు వానిని కూలివానిగ గాక ఆతిథేయునిగ మన్నింపుడు. హేమావతికి పోయి అచ్చటి శిల్పశాలను చూచి వచ్చువారికి కంబదూరును కూడ చూపుమని బండ్లు నడుపు మన పిల్లలతోనే చెప్పి పంపవచ్చును.

లెక్క విషయమున మొగమాటము పనికిరాదు. చందా యెంత, బొమ్మలాటవారికి ఇచ్చినదెంత, నీటికి పోయినదెంత, మిగిలినదెంత అని సోమవారము ఉదయముననే చావడియొద్ద బిగ్గరగ చదివింపవలెను. వారము గడచిన తరువాత చదివిన లెక్కలను ఎవ్వరును నమ్మరు.

ఏరువాక సాగి విత్తనము పడినపిదప, కలుపు పనులు సన్నగిల్లిన ఒక సాయంకాలము గ్రామపంచాయతీవారు, గుడి పూజారి, పాఠశాల ఉపాధ్యాయులు, వీధికొక స్త్రీ చొప్పున కూర్చుండి, మొదట అనుమతి దరఖాస్తు వ్రాయుడు. దానికి ప్రత్యుత్తరము వచ్చువరకు బొమ్మలాటవారికి తాంబూలమీయకుడు.